యురేవన్ చూడాలంటే ముందు నాటురీటాలో దిగండి

కొలరాడో రాష్ట్రం పడమటి అంచున, శాన్ మిగెల్ నది ఒడ్డున, వెనేడియం, యురేనియం తీసే మిల్లు కోసం కట్టిన యురేవన్ అనే ఊరు ఉండేది. ఇప్పుడు లేదు. పాడుబడ్డ ఊరనుకుంటారేమో, కాదు. ఇళ్లు, బడి, ఆసుపత్రి, దుకాణాలు, ఈతకొలను అన్నీ కూల్చి, ముక్కలు చేసి, అక్కడే పూడ్చిపెట్టేశారు. 141వ నంబరు హైవే మీద వెళ్తుంటే కంచె, రేడియేషన్ హెచ్చరిక బోర్డులు, ఊరి చరిత్ర రాసిన ఫలకం, అంతే. ఫొటో తీసుకుని వెంటనే కారెక్కితే ‘ఇంత దూరం దీనికోసమా’ అనిపించడం ఖాయం. అందుకే చెప్తున్నా, ముందు పక్కనున్న నాటురీటా వెళ్లండి. యురేవన్‌లో మిగిలినదేదైనా ఉంటే అది అక్కడి మ్యూజియంలోనూ, అక్కడి మనుషుల దగ్గరా ఉంది.

డెన్వర్ వైపు నుంచి వచ్చే మనవాళ్లు ఎక్కువమంది టెల్యురైడ్, యూరే చూసుకుని వెనుదిరుగుతారు. టెల్యురైడ్ నుంచి నాటురీటా గంటన్నర ప్రయాణం. అక్కడ రిమ్‌రాకర్ హిస్టారికల్ సొసైటీ వాళ్ల మ్యూజియం ఉంది. నడిపేది వాలంటీర్లే కాబట్టి తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి. పెద్ద హంగులేమీ లేవు. యురేవన్ ఫొటోలు, పనిముట్లు, పసుపు పొడి పట్టినట్టుండే కార్నొటైట్ రాయి, అంటే యురేనియం, వెనేడియం ఉండే ఖనిజం. ఆ రాయి కథ చాలా దూరం వెళ్తుంది. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగేసి మేరీ క్యూరీకి కానుకగా ఇచ్చిన ఒక గ్రాము రేడియం ఈ ప్రాంతపు ఖనిజంలోంచి తీసిందే.

మా నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. మ్యూజియంలో ఆయన ముందు చూసింది రాళ్లని కాదు, క్వార్టర్ల ఫొటోని. ఒకేలాంటి ఇళ్లు వరసగా, వెనక కొండ, మధ్యలో మట్టిరోడ్డు. “అచ్చం మన రుద్రంపూర్ లెక్కనే ఉందిరా” అని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. అక్కడున్న వాలంటీరు పెద్దావిడ చిన్నప్పుడు యురేవన్‌లోనే పెరిగారట. ఇక ఇద్దరూ కూర్చున్నారు, మధ్యలో నేను దుబాసీని. ఇల్లు కంపెనీది, అద్దె జీతంలోంచే కోత, పని పోతే ఇల్లూ పోయినట్టే. వేసవంతా పిల్లలు కొలనులోనే. వాళ్ల నాన్న పని బట్టల్ని అమ్మ గుమ్మం బయటే దులిపి, ఆ తర్వాత ఉతికేదట. మిల్లు రాత్రింబవళ్లు నడిచేది, ఆ మోత అలవాటై బయటి ఊళ్లలో నిద్ర పట్టేది కాదని నవ్వారావిడ. నాన్న మాత్రం బట్టలు దులిపిన దగ్గరే ఆగిపోయారు. “బొగ్గు దుమ్మయితే ఒంటి మీద కనిపిస్తది. ఇదెట్ల తెలుస్తదమ్మా?” అని అడిగారు. తెలిసేది కాదు, చెప్పినవాళ్లూ లేరు అన్నారావిడ.

ఆ చెప్పకపోవడం చిన్న సంగతేం కాదు. 1936లో యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ ఈ ఊరు కట్టింది వెనేడియం కోసం, ఉక్కును గట్టిపరిచేందుకు. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు తయారుచేసిన మన్‌హట్టన్ ప్రాజెక్టుకు ఇక్కడి మిల్లు వ్యర్థాల్లోంచి యురేనియం తీస్తున్నారని పనివాళ్లకు తెలియదు. 1950 నుంచి ప్రభుత్వ ఆరోగ్య శాఖ గని కార్మికులను పరీక్షిస్తూ వచ్చింది కానీ, గనిలో పీల్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువుతో ఊపిరితిత్తుల కాన్సర్ వస్తుందన్న హెచ్చరిక మాత్రం వాళ్లకు చేర్చలేదు. నష్టపరిహారం చట్టం 1990లో గానీ రాలేదు. 1984లో మిల్లు మూతపడింది, 1986లో యురేవన్‌ను సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషవ్యర్థాలు శుభ్రం చేయాల్సిన చోట్ల ప్రభుత్వ జాబితాలో, చేర్చారు. దాదాపు 12 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 2008 దాకా శుభ్రం చేశారు. ఊరివాళ్లు కాపాడుకోవాలని చూసిన బోర్డింగ్ హౌస్, కమ్యూనిటీ హాలు కూడా మిగల్లేదు. ఇవన్నీ విన్నాక ఆ కంచె దగ్గర నిలబడితే సంగతి వేరుగా ఉంటుంది. నాన్న కారు దిగి, ఏ గుట్ట ఫొటోలో ఉందో వెతుక్కుంటూ చాలాసేపు నిలబడ్డారు.

బస సంగతి. అదే హైవే మీద ఉత్తరం వైపు గేట్‌వే అనే ఊళ్లో ఎర్ర కొండల నడుమ పెద్ద రిసార్టు ఉంది. పిల్లలతో సరదాగా గడపడానికి బాగుంటుంది, రేటు మాత్రం చుక్కలు చూపిస్తుంది, పైగా యురేవన్‌తో దానికి సంబంధమే లేదు. గ్రాండ్ జంక్షన్‌లో హోటళ్లకు కొదవ లేదు, అయితే రానూపోనూ రోజంతా కారులోనే, ఒక్కోవైపు 90 మైళ్ల దాకా. మేం నాటురీటాలోనే చిన్న మోటెల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, ఏసీ మాత్రం లారీలా మోగింది. నాన్నకు నిద్ర పట్టింది, నాకు పట్టలేదు. అయినా నా ఓటు దానికే. పొద్దున్నే లేచి మ్యూజియం చూసుకుని ఎండ ముదరకముందే యురేవన్ వెళ్లిరావచ్చు. టెంటు అలవాటున్నవాళ్లకు యురేవన్ పాత బేస్‌బాల్ మైదానం దగ్గర క్యాంపింగ్ ఉంది. ఊరి పాతకాపులు ఏటా పిక్నిక్‌కి కలిసేదీ అక్కడే. నీళ్లు మీరే తెచ్చుకోవాలి. పెద్దవాళ్లతో అయితే వద్దు.

తిండి విషయంలో శాకాహారులు పెద్దగా ఆశపడొద్దు. అమ్మ కట్టిచ్చిన పులిహోర, పెరుగు డబ్బాలే మమ్మల్ని ఆదుకున్నాయి. యురేవన్ దాటి గేట్‌వే వైపు కొన్ని మైళ్లు వెళ్తే డోలరెస్ లోయలో హ్యాంగింగ్ ఫ్లూమ్ వ్యూ పాయింట్ వస్తుంది, తప్పక ఆగండి. 1889లో మొదలుపెట్టి 1891 నాటికి, బంగారం కడగడానికి నీళ్లు తేవాలని నిలువు కొండగోడకు చెక్క కాలువ వేలాడదీశారు. మొత్తం పది మైళ్లు. పనిచేసింది కొద్ది సంవత్సరాలే. విరిగిన దూలాలు ఇప్పటికీ గోడకు అంటుకుని ఉన్నాయి. తాళ్లకు వేలాడుతూ ఎవరు కొట్టారో ఆ మేకులు! బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, లేకపోతే కిందున్న నది తప్ప ఏదీ సరిగా కనిపించదు.

ఈ దారిలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. నాటురీటాలోనే ట్యాంకు నింపేయండి. కంచె లోపలికి మాత్రం, ఎంత ముచ్చటేసినా, వెళ్లొద్దు.