హనుమకొండలో నాలుగు ఆదివారాల తరగతులు: జాతిహననాన్ని ప్రపంచం ఎందుకు ఆపలేదు

హనుమకొండ నక్కలగుట్టలో, ఒక మందుల దుకాణం పై అంతస్తులో నడిచే చిన్న అధ్యయన కేంద్రం వారు జాతిహననాల గురించి నాలుగు ఆదివారాలు తరగతులు పెడుతున్నారని తెలిసి చేరాను. రుసుము 600 రూపాయలు. జిరాక్సు నోట్సు, మధ్యలో ఒక చాయ్ అందులోనే. వచ్చిన ముప్పై మందిలో ఎక్కువమంది గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లలు. పౌరశాస్త్రం చెప్పి రిటైరైన నావంటి వారు ఇద్దరు ముగ్గురు. తెలిసి కూడా ప్రపంచం ఎందుకు ఆపలేదన్న ఒక్క ప్రశ్న చుట్టూ పన్నెండు గంటలు మాట్లాడగలరా అన్న అనుమానంతోనే వెళ్ళాను. మాట్లాడారు; అయితే ఆ పన్నెండు గంటలను పంచుకున్న తీరు మీద నాకు అభ్యంతరం ఉంది.

మొదటి ఆదివారమంతా చట్టానికే పోయింది. రఫాయెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు న్యాయవాది 1944లో ఈ నేరానికి పేరు పెట్టడం, 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఆ నేరాన్ని నివారించి శిక్షించే ఒప్పందాన్ని ఆమోదించడం, భారతదేశం 1959లోనే ధ్రువీకరించగా అమెరికా 1988 దాకా ఆగడం వరుసగా చెప్పారు. ఒక సమూహాన్ని పూర్తిగానో కొంత భాగాన్నో నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువైతే తప్ప చట్టం దృష్టిలో అది జాతిహననం కాదనీ, రాజకీయ వర్గాలు ఆ నిర్వచనంలో లేవనీ విడమరచి చెప్పిన తీరు బాగుంది. నోట్సులో మాత్రం మారణహోమం, ఊచకోత, నరమేధం, జాతిహననం అనే నాలుగు మాటలనూ ఒకే పేజీలో ఒకే అర్థంలో కలగాపులగంగా వాడారు. మన పత్రికలకు ఈ అలవాటు ఎలాగూ ఉంది. కానీ ఒక మాట వాడాలా వద్దా అన్న మీమాంసలోనే వారాలకు వారాలు గడిచిపోయిన చరిత్రను చెప్పే నోట్సులో ఇది చిన్న తప్పు కాదు. అంతకంటే పెద్ద తప్పు, ఒప్పందం సంవత్సరం 1984 అని పడడం. అది నమ్మి చదివిన పిల్లలు, 1975 నుంచి 1979 దాకా కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన కింద జనం చనిపోతున్నప్పుడు ప్రపంచం చేతిలో అసలు చట్టమే లేదనుకుంటారు.

రెండవ ఆదివారం ఒక్కదానికే 600 రూపాయలు ఇచ్చినా నష్టం లేదు. అధ్యాపకుడు ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. 1994 నాటి తేదీలను బోర్డు మీద నిలువుగా రాసుకుంటూ పోయారు. జనవరి 11న రువాండాలోని సమితి దళాల అధిపతి రోమియో డలేర్, ఆయుధాలు దాచిన సంగతీ, అక్కడ అల్పసంఖ్యాకులైన టుట్సీల పేర్లు నమోదవుతున్న సంగతీ న్యూయార్క్‌కు తెలియజేశారు. ఆ ఆయుధాలను పట్టుకోవడానికి అనుమతి రాలేదు. ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానాన్ని కూల్చేశారు. దానితో అధికారం చేజిక్కించుకున్న హుటూ తీవ్రవాదులు టుట్సీలను చంపించడం మొదలుపెట్టారు. మరునాడే సమితి దళంలోని పదిమంది బెల్జియం సైనికులను చంపడంతో బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిపించుకుంది. ఏప్రిల్ 21 దగ్గరకు వచ్చేసరికి ఆయన బోర్డు మీద 2,548 అని రాసి, అది సమితి దళానికి మంజూరైన సంఖ్య అని చెప్పి, డస్టరుతో తుడిచి, ఆ సుద్ద మరకల మీదనే 270 అని రాశారు. భద్రతా మండలి ఆ రోజు చేసిన తీర్మానం అదే. తరగతి ముగిసేదాకా ఆ అంకెను తుడవలేదు. మే 17న 5,500 మందిని పంపాలని మళ్ళీ తీర్మానించారు గానీ సైనికులు సకాలంలో చేరలేదు. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది హతులయ్యారు. అంతకు ముందటి అక్టోబరులో సోమాలియాలో 18 మంది సైనికులను పోగొట్టుకున్న అమెరికా మరో ఆఫ్రికా దేశంలో అడుగు పెట్టడానికి సిద్ధంగా లేదు; జూన్‌లో కూడా దాని విదేశాంగ శాఖ ప్రతినిధి "జాతిహనన చర్యలు" అన్నారే గాని "జాతిహననం" అనడానికి వెనకాడారు.

ఆ ఏడాది భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యత్వం ఉన్న దేశాల్లో రువాండా కూడా ఒకటని చెప్పినప్పుడు, ములుగు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, "సార్, సంపిపిస్తున్నోళ్ళే ఆడ కుర్చీల కూసుంటే ఇగ ఆపేదెవరు?" అని అడిగింది. అధ్యాపకుడు వెంటనే బదులు చెప్పలేదు. నాకది నచ్చింది.

నచ్చనిది ఆయన పదేపదే వాడిన పోలిక. కాజీపేట రోడ్డు మీద ప్రమాదం జరిగితే, సాక్షి సంతకం పెడితే కోర్టు చుట్టూ తిరగాలన్న భయంతో పక్కకు తప్పుకునే మనుషుల వంటివే దేశాలు కూడా అన్నారు. పిల్లలకు ఇట్టే పట్టుబడింది గానీ పోలిక సరికాదు. దారిన పోయేవాడికి ఆ ప్రమాదంతో సంబంధం ఉండదు. రువాండా ప్రభుత్వ సైన్యానికి అంతకు ముందు సంవత్సరాల్లో ఆయుధాలూ శిక్షణా ఇచ్చినది ఫ్రాన్సు. శక్తి లేదన్న వాదన కూడా నిలవదు. అదే ఏప్రిల్‌లో ఫ్రాన్సు, బెల్జియం సైనికులు విమానాల్లో రాజధాని కిగాలీకి వచ్చి తమ దేశస్థులను క్షేమంగా తీసుకుపోయారు. ఏప్రిల్ 11న నగరంలోని ఒక సాంకేతిక పాఠశాల నుంచి బెల్జియం దళం వెళ్ళిపోగానే, ఆ నీడన తలదాచుకున్న సుమారు 2,000 మందిలో అత్యధికులను హంతకులు చంపేశారు. నోట్సులో ఇది ఒక్క వాక్యం. తరగతిలో ఆ వాక్యం కూడా రాలేదు. బయటివారు ఎందుకు రాలేదని అడిగే ముందు, వచ్చినవారు ఎవరి కోసం వచ్చారో, అంతకు ముందే లోపల ఎవరున్నారో అడగవలసింది.

ఈ ప్రశ్నకు అసలైన చోటు మూడవ ఆదివారం. దానిని కరెంటు పోయిన గదిలో, గంటన్నరలో చుట్టేశారు. 1971 ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు, నేటి బంగ్లాదేశ్ అయిన తూర్పు పాకిస్తాన్‌లో పాకిస్తాన్ సైన్యం సాగిస్తున్న హత్యల మీద తమ ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ తంతి పంపినా, చైనాతో రహస్య మంతనాలకు పాకిస్తాన్ దారి అవసరమైన అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్‌లు పట్టించుకోలేదు. సుమారు కోటి మంది శరణార్థులు వచ్చిపడిన భారతదేశం డిసెంబరులో యుద్ధానికి దిగితే, సర్వసభ్య సభ 104 ఓట్లకు 11 ఓట్లతో కాల్పులు విరమించమంది. అధ్యాపకుడు దీనిని కేవలం మానవతా కార్యంగా చెప్పారు. మన ప్రయోజనం కూడా అందులో ఉందని ఒప్పుకుంటే తరగతికి మేలే జరిగేది. ఎందుకంటే ఆపినవారందరికీ ఏదో ఒక సొంత అవసరం ఉంది. సరిహద్దు దాడులతో విసిగి 1979 జనవరిలో ఖ్మేర్ రూజ్‌ను కూలదోసిన వియత్నాంను ప్రపంచం వెలివేసింది. సమితిలో కంబోడియా కుర్చీని మాత్రం ఆ తరువాత కూడా ఓడినవారికే ఉంచింది.

చివరి ఆదివారం బోస్నియాలోని స్రెబ్రెనిత్సా హత్యలు, ఒక ప్రభుత్వం తన ప్రజలను కాపాడకపోతే ప్రపంచం కలుగజేసుకోవాలన్న 2005 నాటి రక్షణ బాధ్యత సూత్రం, 2011 లిబియా తరువాత దానికి పట్టిన గతి, రోహింగ్యాల తరఫున 2019లో మయన్మార్ మీద గాంబియా వేసిన దావా అన్నీ పరుగు మీద సాగాయి. సూడాన్‌లోని దార్ఫుర్‌లో జరుగుతున్నది జాతిహననమేనని 2004 సెప్టెంబరులో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పవెల్ ప్రకటించి, ఆ నిర్ధారణ వల్ల కొత్తగా చేయవలసినదేమీ లేదని అదే ప్రసంగంలో చెప్పిన సంగతి ఒక్కటి నిలిచింది. మొదటి రోజు పేరు గురించి మూడు గంటలు విన్నవారికి ఇది ముందే చెప్పవలసింది.

ఉదయం పది అంటే పదిన్నర. మెట్లు ఇరుకు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు, చాయ్ బాగుంది. సంక్రాంతి తరువాత మరో బ్యాచ్ ఉందట. చేరదలచినవారు రెండవ, మూడవ ఆదివారాలు తప్పకుండా వెళ్ళాలి. నోట్సు తీసుకునేటప్పుడు మొదటి పేజీలో ఆ సంవత్సరం దిద్దారో లేదో చూసుకోండి. నేను చెప్పినప్పుడు పెన్నుతో నా ప్రతిలో మాత్రం దిద్ది ఇచ్చారు.