కొత్త ఎకో సంచి కొనాలా, ఇంట్లో పాత సంచి చాలా?

మొన్న ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో ఒకావిడ చేతిలో కొత్త కాటన్ సంచి, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. లోపల మాత్రం టమాటాలు ఒక కవర్‌లో, పచ్చిమిర్చి ఇంకో కవర్‌లో, ఆఖరికి కొత్తిమీర కట్టకి కూడా వేరే కవర్. చూసి నిజంగా బాధేసింది.

ఖర్చు: కొత్తదానికి వందో రెండొందలో. పాత ప్యాంటు గుడ్డతో కుట్టిస్తే దర్జీ కూలీ మాత్రమే.

శ్రమ: రెండిటికీ ఒకటే, బయల్దేరేటప్పుడు గుర్తుండాలి. బండి డిక్కీలో ఒకటి పడేయండి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2020 నివేదిక ప్రకారం కాటన్ సంచిని 50 నుంచి 150 సార్లు వాడితేనే వాతావరణం మీద దాని భారం ఒక్క ప్లాస్టిక్ కవర్ కంటే తగ్గుతుంది, ఎందుకంటే పత్తి సాగుకి, నూలుకి, నేతకి ఎరువులూ కరెంటూ బోలెడు కావాలి. అలాంటివి పది కొని బీరువాలో పెడితే ప్లాస్టిక్ మానేసినట్టు ఎలా అవుతుంది? పాత గుడ్డకి ఆ బెంగ లేదు, అది ఎప్పుడో తయారైపోయింది.

చేపలకి రెండూ పనికిరావు, స్టీలు డబ్బా పట్టుకెళ్లండి.

ఇంట్లో ఒక్క గట్టి సంచీ లేకపోతే, వారం వారం బజారుకి వెళ్తుంటే కొత్తది ఒకటి కొనుక్కోండి. తలుపు వెనక ఇప్పటికే నాలుగు వేలాడుతుంటే మాత్రం కొనకండి, వాటినే చిరిగేదాకా వాడండి.