తూనీగల మీద ఆరేళ్ళు వాడిన 100 మి.మీ. మాక్రో లెన్స్: నా అనుభవం

ఈ 100 మి.మీ. మాక్రో లెన్స్ (చిన్న చిన్న వాటిని దగ్గరనుంచి పెద్దగా తీసేది) నా చేతికొచ్చి ఆరేళ్ళు దాటింది. తీసిన వాటిలో నూటికి తొంభై తూనీగలే, కాబట్టి పువ్వులకో మనుషుల ఫొటోలకో ఎలా పనిచేస్తుందని అడిగితే నా దగ్గర పెద్దగా సమాధానం లేదు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే 90 నుంచి 105 మి.మీ. మధ్య ఉన్న ఏ మాక్రో లెన్సుకైనా ఈ సంగతులు దాదాపు ఇలాగే వర్తిస్తాయి. నా కెమెరా ఫుల్ ఫ్రేమ్ (లోపల బొమ్మ పడే సెన్సర్ పాత ఫిల్ము సైజుదే), కింద చెప్పే లెక్కలన్నీ దానివే.

దీన్ని కొన్నదే 1:1 కోసం. అంటే పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతుంది. కానీ తూనీగ మొత్తం రావాలంటే ఆ 1:1 పనికిరాదని మొదటి వారంలోనే తెలిసిపోయింది. సెన్సర్ పొడవు 36 మి.మీ., మామూలుగా కనిపించే తూనీగల ఒళ్ళే నాలుగైదు సెంటీమీటర్లు, ఇక రెక్కలు చాచుకుని కూర్చుంటే ఆ వెడల్పు ఇంకా ఎక్కువ. అందుకే నా దగ్గరున్న మంచి ఫొటోల్లో చాలావరకు 1:2కీ 1:3కీ మధ్య తీసినవే, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులో సగానికీ మూడో వంతుకీ మధ్య. కళ్ళకి, రెక్కల మీది ఈనెల అల్లికకి మాత్రమే 1:1 దాకా వెళ్తాను.

వెనక్కి జరిగితే అసలు లాభం ఫోకస్ లోతులో కనిపిస్తుంది. 1:1 దగ్గర అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్11 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం 1.3 మి.మీ. చుట్టూనే, కన్ను ముందుభాగం షార్పుగా వచ్చిందంటే అదే కన్ను అంచు అప్పటికే మసకబారిపోతుంది. 1:3కి వస్తే అదే ఎఫ్11కి దాదాపు 8 మి.మీ. దొరుకుతుంది, తల మొత్తం హాయిగా పట్టేస్తుంది. ఎఫ్16, ఎఫ్22 పెట్టేస్తే పోలా అనుకుని మొదటి ఏడాదంతా అలాగే తీశాను, ఆ ఏడాది ఫొటోలు ఇప్పుడు చూస్తే బాధేస్తుంది. 1:1 దగ్గర లెన్స్ మీద ఎఫ్16 అని ఉన్నా అది పనిచేసేది ఎఫ్32లా, డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం వల్ల, కంటిలోని గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దగా వస్తాయి, తర్వాత ఎంత షార్పెనింగ్ చేసినా ఆ ముద్ద విడిపోదు.

అపెర్చర్ కంటే ఎక్కువ పనిచేసేది కెమెరాని తూనీగ ఒంటికి సమాంతరంగా పట్టుకోవడం. పక్కనుంచి తీస్తుంటే తల నుంచి తోక చివరి వరకు సెన్సర్‌కి ఒకే దూరంలో ఉండాలి, అటో ఇటో కొంచెం వంకరపోయినా తోక సగం నుంచి మసకే. ఇది చేతికి అలవాటు కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇక తెల్లవారుజాము. ఈ లెన్సుకి సరైన సమయం అదొక్కటే అని నా గట్టి నమ్మకం. ఒళ్ళు చల్లబడి ఉన్నప్పుడు తూనీగ ఎగరలేదు, ఎక్కడ పడుకుందో అక్కడే గడ్డిపోచని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. ఒకసారి నీటి గట్టున ఒక తూనీగ కనిపించింది, రెక్కల నిండా మంచు చుక్కలు, ప్రతి గడిలోనూ ఒకటి చొప్పున పేర్చినట్టు, కళ్ళ మీద మాత్రం ఒక్కటే పెద్ద చుక్క. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తుండగానే అది ముందు కాళ్ళు పైకెత్తి, తలని ఒక పక్కకి వంచి, ఆ కంటిని మెల్లగా తుడుచుకుంది. తర్వాత రెండో కన్ను. ఎండ తగిలిన కాసేపటికి రెక్కలు సన్నగా వణకడం మొదలైంది. రెక్కలు ఇలా వణుకుతున్నాయంటే ఎగరడానికి కండరాలు వేడెక్కించుకుంటోందని అర్థం, ఆ తర్వాత మనకి మిగిలేది చాలా తక్కువ సమయం. ఆ రోజు తీసిన 200 ఫ్రేముల్లో కన్ను తుడుచుకునేది ఒక్కటే సరిగ్గా వచ్చింది, ఇప్పటికీ నాకు అన్నింటికంటే ఇష్టమైన ఫొటో అదే.

ఎండెక్కాక కథ మారిపోతుంది. 1:1కి లెన్స్ ముందు మిగిలే దూరం 14 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, హుడ్ (లెన్స్ ముందు పెట్టే ఎండ తొడుగు) తగిలిస్తే ఇంకా తక్కువ. పెద్ద జాతుల ఒక్కో కంటిలో దాదాపు 30 వేల చిన్న కళ్ళుంటాయి, తూనీగ చుట్టూ దాదాపు అన్ని వైపులా చూస్తుంది, అంత దగ్గరికి ఎందుకు రానిస్తుంది? నీడ దాని మీద పడకుండా, ఒంగి, చేతులు ఊపకుండా వెళ్తే కొన్ని రానిస్తాయి. వాలిన కొమ్మకే మళ్ళీ మళ్ళీ వచ్చే జాతులైతే, లేచిపోయినా కదలకుండా అక్కడే ఉంటే చాలు. కానీ నిజం చెప్పాలంటే మధ్యాహ్నానికి నేను ఇది తీసి బ్యాగులో పెట్టేసి 300 మి.మీ. లెన్సుకి 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (ఇంకా దగ్గర ఫోకస్ కోసం కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలిస్తాను, మీటరు పైచిలుకు దూరం నుంచే 1:3 దాకా వచ్చేస్తుంది. ఎండ బాగా ముదిరాక కొన్ని తూనీగలు ఒంటి మీద వేడి తగ్గించుకోవడానికి తోకని సూర్యుడి వైపు నిటారుగా లేపి నిలబడతాయి, ఆ భంగిమకి ఈ జోడీ చాలా బాగుంటుంది.

ఆటోఫోకస్ గురించి తొందరగా చెప్పేస్తాను. దగ్గరికి వెళ్ళేకొద్దీ అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది, లిమిట్ స్విచ్ (ఏ దూరాల మధ్యే వెతకాలో చెప్పేది) పెట్టుకుంటే కొంత నయం. నేనైతే మాన్యువల్లో పెట్టి, ఒంటిని కొద్దిగా ముందుకి వంచుతూ కన్ను షార్పుగా కనిపించే చోట వరసగా ఐదారు కొడతాను. స్టెబిలైజర్ చేతి వణుకుని ఆపుతుంది గానీ మనం ముందుకీ వెనక్కీ ఊగడాన్ని ఆపలేదు. ఆరేళ్ళలో లెన్సుకి వచ్చిన జబ్బు కూడా ఆ లిమిట్ స్విచ్చే, వదులైపోయి బ్యాగు రాసుకున్నప్పుడల్లా తనంతట తనే జరిగిపోతోంది, చిన్న టేపు ముక్క అంటించుకున్నాను. అద్దాలు మాత్రం ఇప్పటికీ మొదటి రోజులాగే ఉన్నాయి.

ఎడిటింగ్ దగ్గర అందరూ షార్పెనింగ్ గురించే అడుగుతారు గానీ నన్ను ఎక్కువ ఏడిపించింది ఎరుపు. ఎర్ర తూనీగని తీసినప్పుడు కెమెరాలో మామూలు హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూస్తే అంతా బాగానే ఉంటుంది, ఇంటికొచ్చి తెర మీద చూస్తే ఒళ్ళంతా ఒకే ఎర్రటి రంగు పూసినట్టు, గీతలూ మడతలూ ఏవీ లేవు. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా పెట్టి చూశాకే అర్థమైంది, మిగతా రెండూ మధ్యలోనే ఉన్నా ఎరుపు ఒక్కటే కుడి చివరకి కొట్టుకుపోయి ఉంది. పూర్తిగా పోయిన వివరం రా ఫైలులోంచి (కెమెరా దాచే అసలు డేటా) కూడా తిరిగి రాదు. ఇప్పుడు ఎర్ర వాటికి వెలుగుని మూడింట రెండొంతుల స్టాప్ తగ్గించి (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం) తీసి, ఎడిటింగ్‌లో ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) కొంచెం దించి, నీడల్ని పైకి లేపుతాను.

షార్పెనింగ్ ఫొటో మొత్తానికి వేయకండి, వెనకాల మెత్తగా ఉన్న ఆకుపచ్చ అంతా ఇసుక చల్లినట్టు అయిపోతుంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్ కీ నొక్కిపట్టి షార్పెనింగ్ కింద ఉన్న మాస్కింగ్ స్లైడర్ జరిపితే తెర నలుపు తెలుపుగా మారుతుంది, తెల్లగా మిగిలిన అంచులకే షార్పెనింగ్ పడుతుంది, రెక్కల ఈనెలు మాత్రమే తెల్లగా మిగిలేదాకా జరపండి. కంటికి విడిగా మాస్క్ గీసి టెక్స్చర్ కొద్దిగా పెంచుతాను. నాయిజ్ (ఫొటోలో వచ్చే గరుకు చుక్కలు) తీసే ఏఐ టూల్స్‌తో మాత్రం జాగ్రత్త, వెనకభాగానికి అద్భుతం, కంటిని మాత్రం కొన్నిసార్లు గాజు గోళీలా నునుపు చేసేస్తాయి. వంద శాతం జూమ్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, అవసరమైతే కంటి వరకు పాతదే ఉంచుకోవాలి.

స్టాకింగ్, అంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ ఒకే ఫొటోగా కలపడం, తెల్లవారుజాము ఫొటోలకే కుదురుతుంది, గాలి లేకపోతే ఆరేడు ఫ్రేములు చాలు. అలా కలిపే సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో పీమ్యాక్స్, డీమ్యాప్ అని రెండు పద్ధతులుంటాయి. పీమ్యాక్స్ వాడితే సన్నటి వెంట్రుకలు బాగా వస్తాయి కానీ నాయిజ్ పెరుగుతుంది, డీమ్యాప్ రంగుల్ని బాగా కాపాడుతుంది, కానీ కాళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్న చోట అంచుల చుట్టూ తెల్లటి మసక వదులుతుంది. నేను డీమ్యాప్ బొమ్మ తీసుకుని, కాళ్ళ దగ్గర మాత్రం పీమ్యాక్స్‌లోంచి పూస్తాను.

అడ్డొచ్చిన గడ్డిపోచ చెరిపేస్తాను, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు తీసేస్తాను. చిరిగిన రెక్కని మాత్రం ఎప్పుడూ అతకను, ఎంతమంది బాగుచేయమన్నా సరే. అది ఎన్ని పోట్లాటల నుంచి బతికి బయటపడిందో ఆ చిరుగులోనే కనిపిస్తుంది.

180 లేదా 200 మి.మీ. మాక్రో తీసుకోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. దూరం ఎక్కువ దొరుకుతుంది, పగటిపూట కూడా పనికొస్తుంది, నిజమే. కానీ వాటిలో చాలావరకు కిలో బరువు దాటతాయి, మంచులో మోకాళ్ళ మీద ముప్పావుగంట చేత్తో పట్టుకుని ఉండగలరో లేదో ముందు ఎవరిదైనా తీసుకుని చూసుకోండి. నా వల్ల కాలేదు, అందుకే దీంతోనే ఉన్నాను.