పీఎంపీ తీసుకోవాలా వద్దా? ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: పీఎంపీ, అంటే ప్రాజెక్టులు నడిపేవాళ్లకిచ్చే సర్టిఫికేషన్, చేయమంటారా? నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను. ఇప్పటికే ప్రాజెక్టులు నడుపుతున్నారా, నడిపే అవకాశం కోసం ఎదురుచూస్తున్నారా? నడుపుతున్నవాళ్లయితే చేయమంటాను. ఎదురుచూస్తున్నవాళ్లయితే ఇప్పుడే వద్దంటాను. నాకు సర్టిఫికెట్ వచ్చి చాలా ఏళ్లయింది. ఒకటికి మించి సార్లు రెన్యూ చేశాను. దాన్ని చూసి పిలిచిన కంపెనీల్లోనూ, దాని పేరు కూడా ఎత్తని కంపెనీల్లోనూ పనిచేశాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1969లో అమెరికాలో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ, ఈ సర్టిఫికేషన్‌ని 1984 నుంచి ఇస్తోంది. ఫీజు కట్టిన ప్రతివాళ్లూ రాసేయగల పరీక్ష కాదిది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు 36 నెలలు, లేనివాళ్లు 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. దానికి తోడు 35 గంటల శిక్షణ.

విచిత్రమేమిటంటే, నాకు పరీక్ష కన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ అప్లికేషన్. ఒక్కో ప్రాజెక్టు లక్ష్యమేంటి, అందులో నా బాధ్యతేంటి, చివరికి ఏం తేలింది అనేది కొన్ని వాక్యాల్లో రాయాలి. ‘మా టీమ్ చేసింది’ అని రాస్తే కుదరదు, నేను ఏం నిర్ణయించానో రాయాలి. కొందరి అప్లికేషన్లను ఆడిట్‌కి తీస్తారు. అప్పుడు పాత మేనేజర్లని పట్టుకుని సంతకాలు పెట్టించుకోవాలి కాబట్టి ఊహించి రాయడానికి ఎవరికైనా చేయి వణుకుతుంది. అక్కడ కష్టపడి రాసిన పేరాలే తర్వాత ఇంటర్వ్యూల్లో నా జవాబులయ్యాయి. పీఎంపీకి వెళ్లే ఉద్దేశం లేకపోయినా ఒక వారాంతం కూర్చుని ఆ పని చేసుకోమని ఎవరికైనా చెప్తాను.

ఇక పరీక్ష. నేను రాసిన రోజుల్లో 200 ప్రశ్నలు, నాలుగు గంటలు. పీఎంఐ పుస్తకంలోని 47 ప్రాసెస్‌లూ (ప్రాజెక్టు నడపడంలో చేయాల్సిన పనులు), ఒక్కోదానికి ఏం లోపలికి వెళ్తుంది, ఏం బయటికి వస్తుంది అన్న పట్టికలూ ఒకటే బట్టీ. అందులో ఇప్పుడు గుర్తున్నది చాలా తక్కువ, గుర్తు లేనందుకు పనిలో ఏ ఇబ్బందీ రాలేదు. 2021 జనవరిలో పరీక్షని బాగా మార్చారు: 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, దాదాపు సగం ప్రశ్నలు ఎజైల్ (పనిని చిన్న చిన్న దఫాలుగా చేస్తూ, మార్చుకుంటూ పోవడం), హైబ్రిడ్ (దాన్నీ, అంతా ముందే ప్లాన్ వేసుకునే తీరునీ కలపడం) పద్ధతుల మీద. మనుషులతో వ్యవహరించే భాగానికే 42 శాతం వెయిటేజీ ఇచ్చారు. ఇది మంచి మార్పే. పరీక్ష రూపం ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి, చదవడం మొదలుపెట్టేముందు అమల్లో ఉన్న సిలబస్ ఏదో పీఎంఐ సైట్‌లో చూసుకోండి.

ప్రశ్నలు ఎలా ఉంటాయంటే, ఒక తలనొప్పి పరిస్థితి ఇచ్చి ‘ముందుగా ఏం చేస్తారు?’ అంటారు. నాలుగు జవాబులూ సబబుగానే కనిపిస్తాయి. పీఎంఐకి నచ్చే మేనేజర్ మొదట పరిస్థితి అంచనా వేస్తాడు, సంబంధించిన మనిషితో నేరుగా మాట్లాడతాడు, పై అధికారి దగ్గరికి చివర్లోగానీ వెళ్లడు. నిజం ఆఫీసుల్లో ముందు పై అధికారికి ఫోన్ చేయకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

కెరీర్ మాటకొస్తే, దీని బలం అంతా మొదటి ఉద్యోగ మార్పులో కనిపించింది. రెజ్యూమెలో ఆ మూడక్షరాలు చేరాక రిక్రూటర్ల ఫోన్లు పెరిగాయి. వాళ్లలో చాలామందికి అది ఫిల్టర్‌లో టిక్ పెట్టుకోవడానికి పనికొచ్చే పదం, అంతే. లోపలికి వెళ్లాక ఇంటర్వ్యూ చేసినవాళ్లు సర్టిఫికెట్ గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆలస్యమైన ప్రాజెక్టుని ఎలా గట్టెక్కించారో అడిగారు. ఆ తర్వాతి మార్పుల్లో అనుభవమే మాట్లాడింది. క్లయింట్ల కోసం పనిచేసే కన్సల్టింగ్, నిర్మాణ కంపెనీల్లో మాత్రం లెక్క వేరు. సర్టిఫైడ్ మేనేజర్ ఉండాలని టెండర్‌లోనే రాసి ఉంటే, మీ పేరు ఆ కాగితంలో ఉండటం కంపెనీకే లాభం. జీతం పెంచమని అడగడానికి నాకు దొరికిన గట్టి ఆధారం అదే. సొంత ప్రొడక్ట్ చేసుకునే చిన్న కంపెనీల్లో అయితే దీన్ని అడిగినవాళ్లే లేరు.

పీఎంపీ ఉన్నవాళ్లకి జీతం ఎక్కువని పీఎంఐ తన సర్వేల్లో చెప్తుంటుంది. ఆ మాట విన్నప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. చెప్తున్నది సర్టిఫికెట్ అమ్మే సంస్థ. పైగా కనీసం మూడేళ్లు ప్రాజెక్టులు నడిపితేగానీ ఆ పరీక్ష రాయనివ్వరు, అలాంటివాళ్లకి జీతం ఎలాగూ ఎక్కువే ఉంటుంది. అందులో సర్టిఫికెట్ వాటా ఎంత, అనుభవం వాటా ఎంత అనేది ఆ అంకెల్లో విడిగా తేలదు.

పీఎంపీ కోసం చదివినవాటిలో పనిలో నేను రోజూ వాడేవి మూడో నాలుగో ఉంటాయి. అన్నిటికన్నా ముందు ఎర్న్‌డ్ వాల్యూ లెక్క. బడ్జెట్‌లో 40 శాతం ఖర్చయింది, పని 30 శాతమే అయింది అనుకుందాం. 30ని 40తో భాగిస్తే 0.75. అంటే పెట్టిన ప్రతి రూపాయికి ముప్పావలా పనే జరుగుతోంది. ఇదే తీరున సాగితే మొత్తం ఖర్చు అనుకున్నదానికి మూడో వంతు పెరుగుతుంది. ‘కొంచెం వెనకబడ్డాం, సర్దుకుంటాం’ అనే మీటింగులో ఈ ఒక్క అంకె పెడితే మాటల తీరే మారిపోతుంది. తర్వాతది ఛేంజ్ కంట్రోల్. క్లయింట్ ‘ఇదొక్కటి చిన్న మార్పు’ అన్నప్పుడు సరే అనడానికీ కాదనడానికీ ముందు, దానివల్ల గడువు ఎంత జరుగుతుందో, ఖర్చు ఎంత పెరుగుతుందో కాగితం మీద చూపించడం. గొడవ లేకుండా సగం మార్పులు అక్కడే ఆగిపోతాయి. రిస్క్ రిజిస్టర్, అంటే ప్రాజెక్టుకి ఎదురయ్యే ముప్పుల జాబితా, కూడా వాడతాను, కాకపోతే ప్రతి రిస్క్ ఎదురుగా ఒక మనిషి పేరు ఉంటేనే. పేరు లేని రిస్క్‌ని ఎవరూ చూడరు.

పీఎంపీ నేర్పనిది కూడా చెప్పాలి. గడువు ముందే తేల్చేసుకుని వచ్చిన బాస్‌కి అది సాధ్యం కాదని ఎలా చెప్పాలి? మంచి ఇంజినీర్ మధ్యలో మానేస్తే మిగతావాళ్ల టెన్షన్ ఎలా తగ్గించాలి? పుస్తకంలో వీటికి చక్కని పేర్లు ఉన్నాయి గానీ, పని మాత్రం మనమే దెబ్బలు తిని నేర్చుకోవాలి.

అనుభవం ఇంకా లేనివాళ్లకి పీఎంఐలోనే సీఏపీఎం అనే తొలి మెట్టు సర్టిఫికెట్ ఉంది, 23 గంటల శిక్షణ చాలు. దాన్ని చూసి ప్రాజెక్టు చేతికిచ్చినవాళ్లని మాత్రం నేను చూడలేదు. బ్రిటన్‌లో పుట్టిన ప్రిన్స్2 అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పద్ధతి అక్కడి ప్రభుత్వ పనుల నుంచి వచ్చింది, దాన్ని అడిగే ప్రాంతాల్లో పనిచేస్తుంటే పీఎంపీ కన్నా ముందు అదే చూడండి. సాఫ్ట్‌వేర్‌లో స్క్రమ్ మాస్టర్ పని (ఎజైల్‌లో ఒక రకమైన స్క్రమ్ పద్ధతి టీమ్‌లో సరిగ్గా సాగేలా చూడటం) చేసేవాళ్లకి స్క్రమ్.ఆర్గ్ వాళ్ల పీఎస్ఎం సర్టిఫికెట్ మొదటి స్థాయి చాలు. గంట పరీక్ష, 85 శాతం రావాలి, ఒకసారి వస్తే గడువు తీరదు.

పీఎంపీకి ఆ సుఖం లేదు. మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకోవడానికీ, వృత్తి పనులకీ పెట్టిన గంటల లెక్క) పోగుచేసి, రుసుము కట్టి రెన్యూ చేసుకోవాలి. వెబినార్ ఒక పక్క పెట్టుకుని ఇంకో పక్క మెయిళ్లు చూసుకుంటూ చాలామంది ఈ గంటలు నింపుతారు, నేనూ చాలాసార్లు అంతే. కొత్తగా నేర్చుకున్నది తక్కువ. అయితే చేస్తున్న ఉద్యోగానికే ఎనిమిది పీడీయూల దాకా రాసుకోవచ్చు, జూనియర్లకి నేర్పితే ఇంకొన్ని వస్తాయి, కాబట్టి భారం మరీ ఎక్కువ కాదు. ఇప్పుడున్న ఉద్యోగంలో కంపెనీయే రుసుము కడుతోంది, టెండర్లలో నా పేరు వాడుతోంది. ఈసారికి రెన్యూ చేస్తాను. నా జేబులోంచి కట్టాల్సి వస్తే మానేస్తాను.