ఆ ఫాంటసీ గేమ్ డబ్బా కొనేముందు ఆయుధాల పేజీ ఒక్కటి చదవండి

పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అలాంటి డబ్బా ఒకటి కొన్నాను. ఫాంటసీ అడ్వెంచర్ బోర్డ్ గేమ్. నలుగురు హీరోలు, ఒక గుహ, గదికో నాలుగు అస్థిపంజరాలు, చివర్లో డ్రాగన్. కంపెనీ పేరు రాయను. ఈ జబ్బు ఆ ఒక్క డబ్బాకే ఉన్నది కాదు, మీరు ఏ గేమ్ కొంటున్నా ఈ గోల పనికొస్తుంది.

బొమ్మలకు వంక పెట్టలేను. డ్రాగన్ రెక్కల మీద పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా చేశారు. పాచికలు కూడా చేతికి బరువుగా, హాయిగా ఉన్నాయి. నా గొడవంతా రూల్ బుక్‌లో ఒకే ఒక్క పేజీతో: ఆయుధాలు, కవచాల పేజీ.

మొదటి ఆటలోనే దొరికిపోయాం. యోధుడిగా ఆడుతున్న మా ఫ్రెండ్‌కి రెండో గదిలో పెట్టె తెరిస్తే రెండు చేతుల గొడ్డలి వచ్చింది. అప్పటికే వాడి దగ్గర డాలు ఉంది. అస్థిపంజరం దాడి చేసింది. వాడు మూడు డిఫెన్స్ పాచికలు, అంటే దెబ్బ కాచుకోవడానికి వేసేవి, తీశాడు, రెండు మామూలువి, ఒకటి డాలు పుణ్యమా అని వచ్చేది.

"ఆగు. రెండు చేతులా గొడ్డలి పట్టుకున్నావు కదా, డాలు దేంతో పట్టుకున్నావ్?" అన్నాను.

"కొట్టేటప్పుడే గొడ్డలికి రెండు చేతులు కావాలి. ఇప్పుడు కొడుతున్నది అది, నేను కాదు" అన్నాడు, పాచికలు కింద పెట్టకుండానే.

రూల్ బుక్ తీశాం. అందులో ఉన్నది ఇంతే: హీరోకి తన దగ్గరున్న వస్తువుల ప్రయోజనం అందుతుంది. దగ్గర అంటే? చేతిలోనా, ఒంటి మీదా, సంచిలోనా? పక్క పేజీలో "ధరించిన" వస్తువులు అన్నారు. ఇంకో రెండు పేజీలు తిప్పితే "సిద్ధంగా ఉన్న" వస్తువులు అట. మూడూ ఒకటేనా, మూడు వేరువేరా అన్నది పుస్తకం మొత్తం వెతికినా లేదు. నలభై నిమిషాలు అస్థిపంజరం అలాగే గొడ్డలి ముందు నిలబడి ఉంది పాపం.

నిజం చెప్పాలంటే మావాడిది పిడివాదం కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలాట (రోల్ ప్లేయింగ్ గేమ్) 2014 నిబంధనల్లో రెండు చేతుల ఆయుధానికి దాడి చేసేటప్పుడే రెండు చేతులు కావాలి. వాడు అక్కడి నుంచే మాట్లాడుతున్నాడు. కానీ అదే పుస్తకంలో డాలు తొడగాలన్నా, తీయాలన్నా ఒక యాక్షన్, అంటే మన వంతులో చేయగలిగే ఒక పని, ఖర్చవుతుందని కూడా ఉంది. ఆ రెండో మాట ఉండబట్టే మొదటిది నిలబడుతుంది, లేకపోతే కొట్టేటప్పుడు గొడ్డలి, దెబ్బ తినేటప్పుడు డాలు అని ఊరికే మార్చేసుకోవచ్చు. 1989లో వచ్చిన హీరోక్వెస్ట్ బోర్డ్ గేమ్ అయితే ఇంకా సులువు, యుద్ధగొడ్డలితో పాటు డాలు వాడకూడదని ఆ గొడ్డలి కార్డు మీదే రాసి ఉంటుంది. పుస్తకం తెరవనక్కర్లేదు. గ్లూమ్‌హేవెన్ అనే ఇంకో బోర్డ్ గేమ్‌లో తలకు ఒకటి, ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, చేతులు రెండు, చిన్న వస్తువులు మీ లెవెల్‌లో (హీరో ఎదిగిన స్థాయిలో) సగం, సగం మిగిలితే పైకి లెక్క. ఒక్క వాక్యంలో తేలిపోయింది. ఇది చేతకాని పనేం కాదు, చేయలేదంతే.

ఇక రెండో వారం హెల్మెట్ల కథ. పెట్టెల్లో మూడు హెల్మెట్లు వచ్చాయి, ఒక్కోటి ఒక్కో డిఫెన్స్ పాచిక ఇస్తుంది. మావాడు మూడూ తన ముందు వరసగా పెట్టుకున్నాడు. ఒక తలకు ఒకటే అని ఎక్కడైనా రాసి ఉందా చూపించమన్నాడు. లేదు! రావణాసురుడి పాత్ర అయితే పది పెట్టుకునేవాడేమో.

నవ్వుకున్నాం గానీ, అసలు ఆటను చంపేసింది వేరేది. వస్తువు పక్క హీరోకి ఇవ్వొచ్చని ఉంది, దానికి ఎంత ఖర్చో లేదు, టర్న్‌లో ఎన్నిసార్లో లేదు, శత్రువు టర్న్‌లో ఇవ్వకూడదనీ లేదు. దాంతో ఉన్న ఒకే ఒక మంత్రపు డాలు నలుగురి చేతులూ తిరగడం మొదలెట్టింది. దెబ్బ ఎవరి మీద పడితే డాలు వాళ్ల దగ్గర ఉంటుంది. డ్రాగన్ నాలుగు టర్న్‌లలో చచ్చింది, మాలో ఒక్కరికి గీత కూడా పడలేదు. గెలిచామన్న సంతోషం ఎవరి ముఖంలోనూ లేదు.

కార్డుకీ పుస్తకానికీ పడకపోతే ఎవరి మాట చెల్లుతుంది? మంత్రగాడు లోహపు ఆయుధం పట్టకూడదని పుస్తకం అంటుంది, ఒక కత్తి కార్డు ఏ హీరో అయినా వాడొచ్చంటుంది. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఇలాంటి చోట కార్డు మాటే చెల్లుతుందని నిబంధనల మొదట్లోనే తేల్చేశారు. ఇక్కడ ఆ ఒక్క లైను లేదు.

కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. డాలు పనిచేస్తుందని జవాబు వచ్చింది. అదే ప్రశ్న మా ఫ్రెండ్ వేరేగా పంపితే పనిచేయదని ఇంకొకరు రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి మూడో ఈమెయిల్ పంపాను. కొన్నాళ్లకు, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, నాలుగు పేజీల సవరణ పత్రం వదిలారు. హెల్మెట్ ఒకటే అన్నారు, సంతోషం. "దగ్గర" సంగతి ఎత్తనే లేదు. అది కావాలంటే సరిచేసిన రూల్ బుక్ ఉందట, కాకపోతే అది ఎక్స్‌పాన్షన్ డబ్బాలో, అంటే విడిగా కొనుక్కోవాల్సిన అదనపు డబ్బాలో, వస్తుందట. అంటే వాళ్ల తప్పు దిద్దుకోవడానికి మనం మళ్లీ డబ్బు కట్టాలి. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. వాపసు అడిగితే టోకెన్లు (ఆటలో వాడే చిన్న అట్ట బిళ్లలు) అట్ట నుంచి ఊడదీశారు కాబట్టి కుదరదన్నారు. అందుకని మీరు రూల్ బుక్ మొత్తం చదివే దాకా టోకెన్ల అట్ట ముట్టుకోకండి.

కొనకముందైతే ఇంకా సులువు. చాలా కంపెనీలు రూల్ బుక్ పీడీఎఫ్ తమ సైట్‌లో ఉచితంగానే పెడతాయి. కథ, బొమ్మల పేజీలు వదిలేసి సామాను పేజీ తెరవండి. రెండు చేతుల ఆయుధం, డాలు ఒకే హీరోకి ఇచ్చి, శత్రువు కొట్టినట్టు ఊహించుకుని, ఎన్ని పాచికలు వేయాలో పుస్తకం చూసి చెప్పగలరేమో చూడండి. తర్వాత డాలు పక్కవాడికి ఇచ్చి చూడండి. అయిదు నిమిషాల పని. అక్కడ తడబడితే ఆ డబ్బా వద్దు. వీడియో రివ్యూలను మాత్రం నమ్ముకోకండి, నేను చూసినవాటిలో మూడొంతులు బొమ్మలను తిప్పి తిప్పి చూపించడమే.

ఇప్పటికే కొనేసినవాళ్లకు మా ఏర్పాటు చెబుతాను, పెన్సిల్‌తో పుస్తకం వెనక రాసుకున్నాం. చేతిలోనో ఒంటి మీదో ఉన్నదే లెక్క, సంచిలోది లెక్కకు రాదు. రెండు చేతుల ఆయుధం పట్టుకుంటే డాలు సంచిలో ఉన్నట్టే. మార్చుకోవాలన్నా, పక్కవాళ్లకు ఇవ్వాలన్నా మన టర్న్‌లోనే, ఒక యాక్షన్ ఖర్చు. కార్డు మాట పుస్తకం మాట కన్నా పైది. ఇలా ఆడితే డ్రాగన్ మమ్మల్ని రెండుసార్లు ఓడించింది, ఆట ఆటలా ఉంది.

హెల్మెట్ విషయంలో మాత్రం సవరణ పత్రం వచ్చాక కూడా మావాడు ఒప్పుకోలేదు. ఒకటి తలకు పెట్టుకుని, మిగతా రెండూ మోకాళ్లకు కట్టుకున్నానంటున్నాడు.