చెరువుకు గీత మేలా, గడి మేలా?

ఊరి చెరువును కంప్యూటర్ పటంలోకి ఎక్కించడానికి రెండు దారులున్నాయి. గట్టు వెంట గీత గీసుకుంటూ పోయి, మొదలుపెట్టిన చోటే కలిపేస్తే అది వెక్టర్. మదుము (తూము) ఒక బిందువు, కాలువ ఒక గీత, చెరువు ఒక మూసిన ఆకారం. ఆ ఆకారానికి సర్వే నంబరు, విస్తీర్ణం, ఆయకట్టు తగిలించుకోవచ్చు. రెండో దారిలో నేలంతా గళ్లుగా కోసి ప్రతి గడికీ ఒక అంకె ఇస్తాం: అక్కడ ఎత్తెంత, పచ్చదనమెంత, నీరుందా లేదా. అది రాస్టర్. ఉపగ్రహ చిత్రాలన్నీ ఈ గళ్ల బాపతే.

కొత్తగా జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు గీసి లెక్కలు తీసే పని) పట్టినవాళ్లు ఉపగ్రహ చిత్రం చూడగానే అటే మొగ్గుతారు. ముందు ఆ గడిని సెంట్లలోకి మార్చి చూడమంటాను. సెంటంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో గడి ఒక్కో వైపు 10 మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ల్యాండ్‌శాట్‌లో 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. 20 సెంట్ల మడి ఉన్న రైతుకు అందులో సొంత గడి కూడా దక్కదు. పక్క చేను రంగూ ఆయన చేను రంగూ కలిసిపోతాయి. హద్దు తగాదాకు ఇది పనికిరాదు. రోవర్‌తో (ఉపగ్రహ సంకేతాలతో చోటు పట్టే సర్వే పరికరం) కొలిచిన హద్దురాళ్లను బిందువులుగా పెట్టి గీసిన వెక్టరే కావాలి.

అలాగని గీతను గుడ్డిగా నమ్మడమూ నాకు ఇష్టం లేదు. గట్టు కదలదు గానీ నీటి అంచు కదులుతుంది. కార్తీకంలో నిండుగా ఉన్న చెరువు వైశాఖానికి అడుగంటుతుంది. నాగావళిలో ఇసుక మేటలు చోటు మారుస్తుంటాయి. ఒకనాడు గీసిన నీలి గీత ఆనాటికే నిజం. నీటి లెక్కకు తేదీలవారీ రాస్టర్లే మేలు. వానాకాలం మబ్బులు అడ్డొస్తే మబ్బుల్లోంచి కూడా చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాలున్నాయి. నిలకడగా ఉన్న నీరు వాటిలో నల్లగా కనిపిస్తుంది.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చూడండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ముందు చిత్రంలోని పచ్చదనం అంకెల్లోంచి తర్వాతి చిత్రం అంకెలు తీసేస్తే కొబ్బరి, జీడితోటలు ఎక్కడెక్కడ దెబ్బతిన్నాయో మండలాల వారీగా బయటపడుతుంది. అన్ని ఊళ్లూ నడిచి చూసేసరికి ఎన్నాళ్లవుతుంది? కానీ కొబ్బరి చెట్ల మధ్య ఎడం ఏడెనిమిది మీటర్లు. ఒక గడిలో ఒకటో రెండో చెట్లు, కింద గడ్డి, అంతరపంట. కూలిన చెట్లను ఇది లెక్కపెట్టలేదు, అవి ఎవరివో అసలే చెప్పలేదు. సర్వే నంబర్ల వెక్టర్‌ను ఆ గళ్ల మీద పరిచి, ఒక్కో నంబరులో పచ్చదనం సగటున ఎంత తగ్గిందో తీస్తే, ముందు ఏ తోటకు మనిషిని పంపాలో తెలుస్తుంది. కష్టంలో ఉన్న రైతుకు ఆ వరస చాలా ముఖ్యం.

పరిచేముందు మన జిల్లావాళ్లు ఒకటి చూసుకోవాలి. 84 డిగ్రీల రేఖాంశం జిల్లా మీదుగా పోతుంది. యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి; అందులో 44, 45 జోన్ల హద్దు ఈ రేఖే. శ్రీకాకుళం పట్నం 44వ జోన్‌లో ఉంటే టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. 44లో తీసిన కొలతలకు 45 అని పేరు పెడితే ఊరు 600 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో పడుతుంది.

నన్నడిగితే కొత్తవాళ్లు వెక్టర్‌తోనే మొదలుపెట్టాలి. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. సొంత ఊరి చెరువు, గెడ్డ (వాగు), మదుములు గీసుకుని, ఒక ఆదివారం గట్టు వెంట నడిచి సరిచూసుకోండి. ఆ తర్వాత కార్తీకంలోదొకటి, వైశాఖంలోదొకటి చిత్రాలు దించుకుని ఆ ఆకారం కింద పరచండి.