ముఖలింగానికి నలభై నిమిషాలా?

పాత రాతి గుళ్ళున్న ముఖలింగం చూడ్డానికి శ్రీకాకుళంలో కారు మాట్లాడుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ముఖలింగంలో ఎంతసేపు ఆపుతావు?" మేం అడగలేదు. కారువాడు 3,200 రూపాయలకు నాలుగు చోట్లు చూపిస్తానని అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం తిప్పి, ముఖలింగం చేరాక నలభై నిమిషాలే అన్నాడు. పొద్దుట్నుంచీ ఆగిన నాలుగు గంటలకు గంటకు 200 చొప్పున వెయిటింగు కూడా వేసి 4,000 పుచ్చుకున్నాడు. దండం పెట్టుకుని పోయేవాళ్ళకు నలభై నిమిషాలు ఎక్కువే. ఉలి పట్టినవాళ్ళకు ఒక్క ద్వారబంధానికే చాలవు. మాతో వచ్చిన ఇద్దరూ రాతిపనివాళ్ళు. పెద్దాయన దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు, కుర్రాడు నోరు విప్పితే ఒట్టు.

మర్నాడు బస్సులో నరసన్నపేట దిగి, అక్కణ్ణించి ఆటో మాట్లాడాం. రానూపోనూ, సాయంత్రం దాకా ఆగడంతో సహా 900. ఇదే దారి.

ముఖలింగంలో అందరూ నేరుగా మధుకేశ్వరాలయానికి పోతారు. తూర్పు గాంగుల నాటి పంచాయతన ఆలయం, అంటే నడుమ పెద్ద గుడి, నాలుగు మూలలా చిన్న గుళ్ళు. గొప్పదే. ఇప్పచెట్టుకు సంస్కృతంలో మధూకమని పేరు, మధుకేశ్వరుడి పేరు అందులోంచి వచ్చిందే. కానీ నేర్చుకునేవాళ్ళు ముందు అదే ఊళ్ళోని సోమేశ్వరుడి గుడి దగ్గర ఆగాలి. ఈ గుడికి ఎదుట మండపం లేదు, ఉన్నది ఒక్క విమానమే, అంటే గర్భగుడీ దాని మీది శిఖరమూ. అందుకని పునాది నుంచి శిఖరం పైనున్న ఆమలకం, అంటే ఉసిరికాయలాంటి గుండ్రటి రాయి దాకా గుడి మొత్తం కంటికి ఒకేసారి ఆనుతుంది. జనం ఉండరు, తొందరపెట్టేవాడూ ఉండడు.

కుర్రాళ్ళు చేసే తప్పు ఒకటుంది. గూట్లో ఉన్న బొమ్మను గీసుకుని, గూటిని వదిలేస్తారు. ఇంటికొచ్చి చెక్కితే బొమ్మ గాల్లో తేలుతుంది. కళింగ పద్ధతిలో గోడ సాపుగా ఉండదు. నిలువు పట్టీలుగా ముందుకు పొడుచుకొస్తుంది, వాటిని రథాలంటారు. మూడుంటే త్రిరథం, అయిదుంటే పంచరథం. ఈ పట్టీ గీతలు గోడ అడుగు భాగమైన పాభాగంలో మొదలై, నడిమి గోడ జంఘ, దాని పై అంచు బరండ దాటి, వంపు తిరిగిన శిఖరం గండి మీదుగా పైకి పోతాయి. బొమ్మ ఆ పట్టీకి కట్టుబడి ఉంటుంది, దాని భుజాల వెడల్పు తేల్చేది పట్టీయే. కాబట్టి కాగితం మీద ముందు పట్టీలు, తర్వాత గూడు, ఆఖర్న బొమ్మ.

కొలతకు నిచ్చెన అక్కర్లేదు. ముఖం పొడుగు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఇవి టేపు మీది అంగుళాలు కావు, శిల్పికి ఆ బొమ్మే కొలబద్ద. నవతాళం, అంటే తొమ్మిది తాళాల బొమ్మైతే మొత్తం 108. ఫోటోలో ముఖాన్ని కొలిచి తొమ్మిదితో గుణించి సరిచూసుకోండి. అయితే గోడకు ఆనుకుని నిలబడి పైకెత్తి తీసిన ఫోటోతో ఈ లెక్క కుదరదు, పై బొమ్మలు కురచబడతాయి. బొమ్మ ఎంత ఎత్తులో ఉందో కనీసం అంత దూరం వెనక్కి నడిచి తీయాలి.

సోమేశ్వరుడి ద్వారం దగ్గర గంగా యమునలున్నారు. మొసలి మీద గంగ, తాబేలు మీద యమున. తల పైనున్న పట్టీలో గ్రహాలను వేలు పెట్టి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. భువనేశ్వర్‌లోని పరశురామేశ్వరుడి గుడిలో తొమ్మిదికి ఎనిమిదే ఉంటాయి, కేతువు ఉండడు. పాతకాలం పని పోల్చుకోవడానికి అదొక గుర్తు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక రాతిలో చెక్కిన లతలన్నీ చదునుగా కనిపిస్తాయి. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత వాలు ఎండలో నీడలు సాగి, ఉలి ఏ వైపు నుంచి తగిలిందో కూడా తెలుస్తుంది. నీడపట్టు చోట్ల టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి పట్టాలి.

ఆ లతను అలాగే టెక్కలి నీలి గ్రానైట్‌లో దింపుదామని కుర్రాడి ఆశ. కుదరదు. రాతిలో పలుకు, అంటే గింజ కంటే సన్నంగా తీగ తీస్తే అంచు రాలిపోతుంది. తీగ వెనక లోతుగా తొలిచారంటే ఊడి చేతికొస్తుంది. కార్బైడ్ మొన ఉలి వాడినా అంతే, లోపం ఉలిది కాదు. తీగ లావు పెంచి, మెలికలు తగ్గించాలి. ఇంకో చిక్కు పాలిష్‌తో. నున్నగా చేసినచోట రాయి నల్లబడుతుంది, ఉలి దెబ్బ పడినచోట తెల్లబడుతుంది. మొత్తం పాలిష్ చేస్తే తక్కువ లోతు పని మెరుపులో కలిసిపోతుంది.

శాలిహుండంలో రాతిపనివాళ్ళకు దొరికేది తక్కువ. అక్కడున్నవి ఎక్కువగా ఇటుక స్తూపాలు, పునాదులు. బండిచక్రంలా ఆకులు వేసి కట్టిన స్తూపం పునాది మాత్రం చూసి తీరాలి, మట్టి నింపిన కట్టడం లోపల బరువు ఎలా పంచారో తెలుస్తుంది. శ్రీకూర్మం స్తంభాలకు ఇంకో పూట పెట్టుకోండి.

బస శ్రీకాకుళంలోనే. మేం దిగిన లాడ్జి గది 1,400. వేడినీళ్ళంటే బకెట్టుకు 30 వేరే, అదీ ఏడు దాటితే లేవు. బుక్ చేసుకునేటప్పుడు చెప్పలేదు, బిల్లులో చెప్పారు. తెల్లారి వాలు ఎండకు అందుకోవాలంటే అయిదున్నరకే బయల్దేరాలి, కాబట్టి ఆ నీళ్ళ మీద ఆశ వదులుకోండి.

తిండి విషయంలో ముఖలింగంలో హోటల్ వెతుక్కోవద్దు. దారిలో ఒకామె గ్లాసు 20కి పోసిన చోడంబలి (రాగి అంబలి), నంజుకోను ఉల్లిపాయ, మజ్జిగ మిరపకాయ. పెద్దాయన రెండు గ్లాసులు తాగి, కారువాడిని తిట్టడం అప్పటికి ఆపాడు. కుర్రాడు మాత్రం గ్లాసు పక్కన పెట్టి, పట్టీలు తప్పుగా గీసిన కాగితం చింపి మళ్ళీ మొదలెట్టాడు.